మోకాళ్లు ‘అరిగిపోయాయి’ అన్నారని నడక మానేయొద్దు

కాజీపేట జంక్షన్‌లో ఒక ప్లాట్‌ఫాం నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే ఫుట్ ఓవర్ బ్రిడ్జి మెట్లెక్కాలి. యాభై దాటిన చాలామందికి మోకాళ్ల సంగతి మొదట తెలిసేది అలాంటి మెట్ల మీదే. తర్వాత నేల మీద కూర్చుని లేవడం, నమాజులో సజ్దా నుంచి లేవడం కష్టమవుతాయి. డాక్టర్లు దీన్ని ఆస్టియో ఆర్థరైటిస్ అంటారు, జనం ‘గుజ్జు అరిగింది’ అంటారు.

ఈ ‘అరిగింది’ అన్న మాటే కొంత చేటు చేస్తోంది. ఇంకా అరుగుతుందేమోనని భయపడి నడక మానేస్తారు. కానీ కీలు బండి టైరు కాదు. మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు, కీలు కదిలినప్పుడే లోపలి ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. కూర్చుండిపోతే తొడ కండరం సన్నబడి మోకాలికి ఆసరా తగ్గుతుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది.

ఈ జబ్బును గుర్తించడానికి పెద్ద పరీక్షలు అక్కర్లేదు. వయసు 45 దాటి, నడిస్తే నొప్పి పెరుగుతూ, పొద్దున్నే ఉండే బిగుతు అరగంటలోపు తగ్గిపోతుంటే చాలావరకు ఇదే. ఎక్స్‌రే తీయిస్తే నిలబడి తీయించుకోవాలి. పడుకుని తీస్తే కీలు మధ్య సందు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించొచ్చు. ఫిల్మ్‌లో బాగా అరిగినట్టున్నా హాయిగా తిరిగేవాళ్లు ఉన్నారు, కాబట్టి గ్రేడు నంబరు చూసి బెంబేలు పడొద్దు. ఎంఆర్ఐ చాలామందికి అనవసర ఖర్చే. పొద్దున గంటకు పైగా బిగుతు, చేతివేళ్ల కీళ్లలో వాపు ఉంటే మాత్రం అది వేరే రకం కీళ్లవాతం కావచ్చు, రక్తపరీక్షలు కావాలి. ఒక్క మోకాలే వేడిగా వాచి జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

అసలు మందు వ్యాయామమే. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాచి ఐదు సెకన్లు ఉంచాలి. ఇలా పదిసార్లు, రెండు పూటలా చేయాలి. మొదట్లో కొద్దిగా నొప్పి ఉంటుంది, రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. చేతికర్ర పట్టాల్సింది నొప్పి లేని వైపు చేత్తో. చాలామంది ఉల్టా పడతారు!

డైక్లోఫెనాక్ జెల్ రాస్తే కొంత ఉపశమనం. అదే మందు మాత్రల రూపంలో రోజూ మింగితే కడుపు, కిడ్నీ దెబ్బతినొచ్చు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వేసుకోవద్దు. పేరూ లేబులూ లేని కీళ్లనొప్పుల పొడులు ఒక్కరోజులో హాయినిస్తే అనుమానించాలి, వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు. కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాల ఉపశమనమే.

ఇవన్నీ చేసినా రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి ఉంటే అప్పుడు కీలు మార్పిడి. వరంగల్ ఎంజీఎం, కాకతీయ మెడికల్ కాలేజీకి అనుబంధ ఆసుపత్రి. ముందుగా అక్కడి ఎముకల విభాగంలో చూపించుకోవచ్చు. మార్చిన మోకాళ్లలో 100కి సుమారు 82 పాతికేళ్లు పనిచేస్తాయని 2019లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన లెక్క. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర నిర్ణయించింది. ప్రైవేటులో చేయించుకునేవాళ్లు బిల్లులో ఇంప్లాంట్ ధర విడిగా రాసివ్వమని అడగాలి.