చెరిగిన నేపథ్యం, మారిన నేల: ఎర్రమంచి పరిసరాల దృష్ట్యా ఛాయాచిత్ర ఆధారాల పరిశీలన

పాత ఛాయాచిత్రంలోని మనిషిని బంధువులు గుర్తిస్తారు. ఆ మనిషి నిలిచిన చోటును గుర్తించవలసిన బాధ్యత చరిత్రకారునిది. అందుచేత నేపథ్యాన్ని తొలగించడం, మార్చడం అనేవి అలంకరణకు మాత్రమే సంబంధించిన విషయాలు కావు. ఇవి కంప్యూటరుతో పుట్టిన పద్ధతులూ కావు.

19వ శతాబ్దపు గాజు పలకలు నీలి కాంతికి అధికంగా స్పందించేవి. నేల స్పష్టంగా కనబడేంత కాంతిని అందిస్తే ఆకాశం తెల్లగా తేలిపోయేది. ఈ లోపాన్ని పూరించడానికే 1850లలో ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే సముద్రానికొకటి, ఆకాశానికొకటి చొప్పున రెండు నెగటివ్‌లను కలిపి ముద్రించాడు. 1858లో హెన్రీ పీచ్ రాబిన్సన్ ‘ఫేడింగ్ అవే’ చిత్రాన్ని ఐదు నెగటివ్‌లతో కూర్చాడు.

తెలుగునాట ఈ చరిత్ర ప్రధానంగా స్టూడియో తెరతో ముడిపడింది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన లాలా దీన్ దయాళ్ 1880లలో సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పాడు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో జనానా స్టూడియోను ప్రారంభించాడు. తరువాతి కాలంలో చిన్న పట్టణాల స్టూడియోలలోనూ స్తంభాలు, పూలతోటలు, మేడమెట్లు చిత్రించిన తెరలు వెలిశాయి. పల్లె నుండి వచ్చిన కుటుంబం ఆ మేడ ముందు నిలబడి ఫోటో తీయించుకునేది. దీనిని మోసమనడం తొందరపాటు; ఆ మేడ ఎవరిదీ కాదని తీసినవారికీ, తీయించుకున్నవారికీ తెలుసు. పైగా తెర కూడా ఆధారమే. ఒకే తెర పలు కుటుంబాల చిత్రాలలో కనబడితే స్టూడియోను, కొంతవరకు కాలాన్ని నిర్ధారించవచ్చు. తెర అంచు దాటి కనబడే గచ్చు, గోడ అంతకన్నా ఎక్కువ చెబుతాయి. దురదృష్టవశాత్తు పటం కట్టించేటప్పుడు మొదట కత్తిరింపుకు గురయ్యేవి ఆ అంచులే.

చిత్రం తీసిన తరువాత నేపథ్యాన్ని తొలగించడం వేరొక పని. నెగటివ్ మీద మనిషి ఆకృతి చుట్టూ సన్నని కుంచెతో కాంతి చొరని ఎర్ర రంగు పూసేవారు. నలుపు తెలుపు ముద్రణ కాగితం ఎరుపు కాంతికి దాదాపు స్పందించదు గనుక పూసిన మేర అచ్చులో తెల్లగా మిగిలేది. గుంపు ఫోటోలో నుండి మరణించిన వ్యక్తిని వేరుచేసి పెద్ద పటం చేయడానికి ఇటువంటి పనితనమే ఆధారం. అయితే ఆ రంగు సాధారణంగా నీటితో కడిగితే పోయేది; దాని కింద అసలు దృశ్యం భద్రంగా ఉండేది.

1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ ప్రతి చిత్రబిందువుకు పారదర్శకత విలువను జోడించి చిత్రాలను కలిపే గణిత నియమాలను ప్రకటించారు. 1994 నాటి ఫోటోషాప్ మూడవ కూర్పు పొరల సౌకర్యాన్ని తెచ్చింది. ఇప్పుడు ఫోనులోనే క్షణాలలో పని పూర్తవుతుంది. కాని పొరలను విడిగా దాచకుండా పాత ఫైలు స్థానంలోనే కొత్తదానిని భద్రపరిస్తే, కడిగి వెనక్కి తెచ్చుకోవడానికి ఏమీ మిగలదు. వేగం కన్నా ఈ తేడాయే పరిశోధకునికి ముఖ్యం.

పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి విషయంలో ఈ నష్టం మరింత స్పష్టమవుతుంది. 2017 ఏప్రిల్‌లో కియా సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 2019 ఆగస్టులో అక్కడి కర్మాగారం నుండి సెల్టోస్ కారు వెలువడింది. రెండున్నరేళ్లలోపే వందలాది ఎకరాల నేల రూపు మారింది. రెవెన్యూ దస్త్రాలు సర్వే నంబరును, విస్తీర్ణాన్ని చెబుతాయి గాని గట్టు మీది చెట్టును, బావి ఒరను, కనుచూపు మేర కనబడే కొండ వరుసను చూపవు. 2017కు ముందు ఆ పొలాలలో నిలబడి తీయించుకున్న ఏ ఇంటి ఫోటోలోనైనా మనిషి వెనుక ఉన్న భాగం ఇప్పుడు మనిషితో సమానమైన ఆధారం. పటం కోసం దానిని చెరిపి తెల్లని మేఘాలో, గుడి గోపురమో అతికించడం కుటుంబానికి గౌరవసూచకమే కావచ్చు. పరిశోధకుడు దానిని తప్పుపట్టనక్కరలేదు. కాని సేకరణకు వెళ్లినవారు గోడ మీది పటాన్ని మాత్రమే నకలు తీసుకుని తిరిగిరావడం సరికాదు. దానికి మూలమైన చిన్న ఫోటో పెట్టెలోనో, ఆల్బమ్‌లోనో ఉందేమో అడగాలి. అంచులు కత్తిరించకుండా, స్టూడియో ముద్ర ఉండే వెనుక భాగంతో సహా స్కాన్ చేయాలి. మార్పు చేసిన ప్రతిని వేరొక ఫైలుగా, ఏ భాగం మార్చబడిందో తెలిపే వివరణతో భద్రపరచాలి.