ధర పడిపోయిన ఏడు కోత పండగ

గురజాల దాటి రెంటచింతల వైపు పోతుంటే ఊరొచ్చిన సంగతి ముందు మీ ముక్కుకే తెలుస్తుంది. రోడ్డుకు రెండు పక్కలా కళ్ళాలు, వాటి నిండా ఆరబోసిన మిరపకాయ. ఆటో ఆగేలోపే రెండు తుమ్ములు, ఒక దగ్గు. ఇది 2025 మార్చి మొదటి ఆదివారం. వచ్చే బుధవారం భస్మ బుధవారం, శ్రమదినాలు మొదలవుతాయి. ఆలోపే కోత పండగ కానిచ్చేయాలని సంఘపెద్దల తొందర.

చెప్పులు బయట విడిచి చర్చి లోపలికి రండి. చాపల మీద ఎడమ వైపు ఆడవాళ్ళు, కుడి వైపు మగవాళ్ళు. "జరగమ్మా, కూర్చోనీ. ఏ ఊరండీ మీది?" అంటూ ఒక పెద్దమ్మ చోటిస్తుంది. ఆమె వేళ్ళ కొసలు చూడండి, కాయ కోసి కోసి మండి, పొట్టు రేగి ఉన్నాయి. ముందు బల్ల చుట్టూ గుమ్మడికాయలు, అరటిగెల, బియ్యం బస్తా, కాళ్ళు కట్టిన నాటుకోడి పుంజు. ఓ మూల వెదురు గంప నిండా తేజ రకం ఎండుమిరప. అయ్యగారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టగానే పుంజు కూస్తుంది. పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. ప్రార్థన ఆగదు.

డోలక్, తాళాలతో కీర్తన అయ్యాక వాక్య పఠనం. ఇంటర్ చదివే కుర్రాడు హబక్కూకు మూడో అధ్యాయం చివరి భాగం తీస్తాడు. అంజూరం, ద్రాక్ష, ఒలీవ... ఈ మండలంలో ఎవరూ వేయని పంటలు. మొదట ఎవరికీ పెద్దగా పట్టదు. పొలంలో గింజ లేదు, దొడ్లో పశువు లేదు అనే అర్థం వచ్చే చోటికి చేరేసరికి మాత్రం మగవాళ్ళ వైపు తలలు లేస్తాయి. అది వాళ్ళకు తెలిసిన లెక్క.

"సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే రండి" అంటారు అయ్యగారు. యాభై ఏళ్ళ కౌలురైతు లేస్తాడు. ఆ మిరప గంప అతనిదే. మైకు పట్టుకోవడం రాదు, గడ్డానికి ఆనించుకుంటాడు.

"ప్రైజ్ ది లార్డ్ అండీ. ఇరవై ఒకటిలో నల్ల తామర పురుగొచ్చి పూత మొత్తం నాకేసింది. మీ అందరికీ తెలుసు. తర్వాత తేజ ఇరవై వేలు దాటింది. దేవుడు తీర్చాడనుకున్నా. ఇంకో రెండెకరాలు కౌలుకు పట్టా. ఈ ఏడు కాయ బానే కాసింది, రేటే చచ్చిపోయింది. కోత కూలీకి అప్పు తెచ్చా."

ఆగుతాడు. ఆ కూలి తీసుకున్న ఆడవాళ్ళు ఎడమ పక్కనే కూర్చుని ఉన్నారు. మీకు చోటిచ్చిన పెద్దమ్మ వాళ్ళలో ఒకరు. ఆమె చూపు చాప మీదికి దించుకుంటుంది.

"నాకు కోపంగా ఉంది ప్రభువా. లేదంటే అబద్ధమవుద్ది. అయినా వచ్చా. ఆ గంప నీది."

అంతే, కూర్చుంటాడు. ముగింపులో ఆశీర్వాదం లేదు, అద్భుతం లేదు. చప్పట్లు కొట్టాలా వద్దా అని మీరు తటపటాయిస్తుండగా వెనక నుంచి ఒక ముసలాయన గట్టిగా "ఆమెన్" అంటాడు.

నరసరావుపేట నుంచి మీరొచ్చిన దారిలో సభల ఫ్లెక్సీలు చూసే ఉంటారు. విడుదల, రెట్టింపు దీవెన, అప్పుల విమోచన. ఆ సభల్లో ఈ మనిషికి మైకు దొరకదు. దొరికినా, విశ్వాసం చాల్లేదన్న తీర్పు వేదిక మీదే వినపడుతుంది. యోబును పరామర్శించడానికి వచ్చిన స్నేహితులు చేసిందీ అదే. దేవుడి మీద దేవుడికే ఫిర్యాదు చెప్పుకోవడం నమ్మకం లేకపోవడం కాదు. వినేవాడు లేడనుకుంటే ఎవడూ ఫిర్యాదు చెయ్యడు. ఈ సీమకు ఆ అలవాటు పాతదే. వినుకొండలో 1895లో పుట్టిన కవి జాషువా, 1941 నాటి 'గబ్బిలం'లో, కడుపు కాలినవాడి గోడును కాశీ విశ్వనాథుడికి గబ్బిలంతో కబురుగా పంపించాడు.

అయ్యగారు ప్రసంగానికి లేచి, హబక్కూకును కాసేపు పక్కన పెట్టి ఫాదర్ హయ్యర్ దగ్గరికి పోతారు. 1842 జూలై 31న గుంటూరు చేరిన అమెరికా లూథరన్ మిషనరీ. మూడేళ్ళకే తిరిగెళ్ళి, యాభై దాటాక వైద్యం చదివి, 1848లో మళ్ళీ వచ్చాడు. మరుసటి ఏడు ఈ గురజాలకే మకాం మార్చాడు. అప్పటికి సాగర్ కాలువ లేదు, రైలు లేదు, గుంటూరు నుంచి దాదాపు వంద కిలోమీటర్ల దారి. తోటి మిషనరీ గన్ 1851లో గుంటూరులోనే చనిపోయాడు. హయ్యర్ 1857లో వెళ్ళిపోయాడు. తర్వాత అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది, మిషన్‌కు మనుషులూ డబ్బూ కరువయ్యాయి. రాజమండ్రి మిషన్‌ను వేరే సంస్థకు అప్పగించేద్దామని అమెరికాలోని పెద్దలు తలపోస్తుంటే, 76 ఏళ్ళ వయసులో ఆ ముసలాయన నేను పోతానని లేచి, 1869లో బయల్దేరి మూడోసారి వచ్చాడు.

"ఆయనకూ ఎన్నో అనుకున్నట్టు జరగలేదయ్యా" అంటారు అయ్యగారు, కౌలురైతు వైపు చూసి. ఇంకేం కలపరు. మంచి పని చేశారు.

ఇక కానుకల వేలం. ఇప్పుడు చూడాలి సందడి. గుమ్మడికాయ మూడొందలు, పుంజుకు రెండు కుటుంబాల మధ్య పంతం. మిరప గంప దగ్గరికొచ్చేసరికి సంఘపెద్ద కిలో చొప్పున పాడదామంటాడు. పోయిన నెలలో కేంద్రం మిరప క్వింటాకు ప్రకటించిన ధర 11,781 రూపాయలు, అంటే కిలోకు నూట పద్దెనిమిది. ఇక్కడ మొదటి పాటే రెండొందలు. మూడొందలు. మీ పక్కనున్న పెద్దమ్మ, ఆ కాయ కోసినామె, "నాలుగొందలు, ఒక కిలో నాకు" అని అరుస్తుంది.

"గుంటూరు యార్డును గుళ్ళోకి మార్చండయ్యా" అని ఎవరో అంటే గుడంతా నవ్వుతుంది. కౌలురైతు కూడా. మీరూ ఒక కిలో పాడండి, ఇంట్లో ఎలాగూ కావాలి.

డబ్బు చేతిలో ఉంటే ఇస్తారు, లేకపోతే వచ్చే కోత పండగలోగా కడతారు. సంఘం కోశాధికారి అట్టపుస్తకంలో రాసుకుంటాడు: పేరు, వస్తువు, బాకీ. పేజీలు వెనక్కి తిప్పితే నల్ల తామర ఏటి బాకీలు కొన్ని ఇంకా అలాగే ఉన్నాయి. కొట్టెయ్యలేదు, అడగనూ లేదు.