కైమాలో కొర్రలు

మీట్‌లోఫ్‌కి తెలుగు మాట లేదు. కైమాలో గుడ్డు, నానబెట్టిన బ్రెడ్డు కలిపి, అచ్చులో అదిమి, ఓవెన్‌లో కాల్చి, చల్లారాక ముక్కలుగా కోసుకు తినే అమెరికన్ ఇంటివంట అది. మా వైపు దానికి దగ్గరి చుట్టం కైమా ఉండల పులుసు. ఆ ఉండలు విడిపోకుండా మా అవ్వ పుట్నాల పొడి కలిపేది. ఈమధ్య మీట్‌లోఫ్ పేరుకు ముందు "లైట్" అనే మాట వచ్చి చేరింది. కొవ్వు తీసేసిన మాంసం, బ్రెడ్డు బదులు ఓట్స్, సగానికి సగం తురిమిన కూరగాయలు. నాయనకి గుండెలో స్టెంటు వేశాక, ఆదివారం రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని తినడానికి నేనూ అలాంటిదే చేస్తున్నాను. చేస్తున్నకొద్దీ ఆ "లైట్" అనే మాట గొంతులో ముల్లులా తగులుతోంది. దాని చరిత్ర మా నేలమీద అంత తేలికైనదేం కాదు.

మాది కడప జిల్లా గండి దగ్గర. పాపాఘ్ని నది కొండని చీల్చుకుని బయటపడే చోటు. శ్రావణ శనివారాల్లో వీరాంజనేయుడి దగ్గరికి జనం పోటెత్తుతారు. మా ఇంట్లో ఆ నెలంతా కైమా మాటే ఉండదు, అది వేరే సంగతి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఎటుపోయినా మా మనుషులు కూటికి ఇచ్చే పెద్ద మెప్పు ఒకటే: "నిలబడుతుంది." పొద్దున సంగటి తిని చేనికి పోతే మధ్యాహ్నం దాకా కడుపులో నిలబడాలి. వానకు నమ్మకంలేని చోట తిండికి ఉండాల్సిన మొదటి గుణం బరువే. తేలిగ్గా ఉంది అంటే మా అవ్వ దృష్టిలో అది చాల్లేదని అర్థం.

మరి కైమా ఎక్కణ్ణించి వచ్చింది? మాంసాన్ని సన్నగా కొట్టి వండటం ఒక్కరి సొత్తేం కాదు. రోమన్ల వంటల సంకలనం అపీసియస్‌లోనే కైమా ఉండలున్నాయి. వాటిలో వైన్‌లో నానిన రొట్టె కలిపి, పైన కొవ్వు పొర చుట్టి కాల్చమంటుంది. కానీ మన నోట్లోని మాట మాత్రం తుర్కీ. ముక్కలుగా తరగడం అనే అర్థమున్న తుర్కీ క్రియ నుంచి పుట్టిన 'కీమా', ఫార్సీ, ఉర్దూల మీదుగా వచ్చి మన దగ్గర కైమా అయింది. కోఫ్తాది ఫార్సీ మూలం, దంచడమని అర్థం. 1500 ప్రాంతంలో మాండూ సుల్తాన్ల కోసం రాసిన నిమత్‌నామాలో కీమా కూరిన సమోసాలున్నాయి. అక్బరు కాలపు ఐన్-ఎ-అక్బరీలో కీమా పులావు ఉంది, గోధుమతో ఉడికించే హలీమ్ కూడా ఉంది.

మా గడ్డ మీద ఆ మాటలు మాట్లాడేవాళ్ళ రాజ్యం చాలాకాలమే సాగింది. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గండికోటను పట్టుకున్నాడు. రెండేళ్ళ తర్వాత ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే అక్కడికే వెళ్ళి ఆయన్ని కలిశాడు. ఆ తర్వాత 18వ శతాబ్దంలో కడపను మయానా నవాబులు ఏలారు, హైదరాలీ వచ్చి వాళ్ళను దించేదాకా. గండికోటలో ఇప్పుడు జామియా మసీదు పక్కన నిలబడి అందరూ పెన్నా లోయకి ఫోటోలు తీసుకుంటారు. ఆ కోట వంటింట్లో ఏం వండేవాళ్ళోనన్న ఆలోచన ఎవరికీ రాదు. (నాకు వచ్చింది, అదీ ఆకలేసినప్పుడు.)

ఈ వంటలన్నిట్లోనూ మాంసం ఒంటరిగా లేదు, గమనించండి. షామీ కబాబులో శనగపప్పు, హలీమ్‌లో గోధుమ, రోమన్ ఉండలో రొట్టె, అవ్వ చేతి ఉండలో పుట్నాలు. నవాబు ఇంట్లో అది మెత్తదనం కోసం. మా ఇంట్లో అరకిలో కైమా ఎనిమిదిమందికి సరిపోవడం కోసం. చేసే పని ఒకటే. అమెరికాలోనూ అంతే. 19వ శతాబ్దం చివర్లో చేత్తో తిప్పే కైమా మిషన్లు ఇళ్ళలోకి వచ్చాక మీట్‌లోఫ్ పాకింది. 1930ల మాంద్యంలో, మళ్ళీ 1943లో మాంసానికి రేషన్ పెట్టాక, కొంచెం మాంసాన్ని ఎక్కువమందికి సాగదీసే వంటగా అది స్థిరపడింది. అప్పుడు దాన్నెవరూ లైట్ అనలేదు. పొదుపు అన్నారు.

మా జిల్లాలో మాత్రం తేలిక తిండిని ఒకసారి ప్రభుత్వమే లెక్కకట్టి పెట్టింది. 1876-78 కరువు, మావాళ్ళు ధాత కరువు అనేది. మద్రాసు ప్రెసిడెన్సీలో బాగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్ళారి, కర్నూలుతోపాటు కడప కూడా ఉంది. పశువులు ముందు పోయాయి, తర్వాత మనుషులు. 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ తన ప్రతినిధిగా సర్ రిచర్డ్ టెంపుల్‌ని మద్రాసుకు పంపాడు. ఖర్చు తగ్గించడం ఆయన పని. కరువు పనుల్లో మట్టి మోసే, రాళ్ళు కొట్టే మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, పైన కొద్దిపాటి చిల్లర చాలన్నాడు. పౌనంటే 450 గ్రాములు. అంతకుముందు ఒకటిన్నర పౌను ఉండేది. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఒప్పుకోలేదు. పనిచేసే ఒంటికి ఒకటిన్నర పౌను గింజలైనా ఉండాలి, వాటితోపాటు పప్పో కూరగాయో ఉండాలని వాదించాడు. ఇద్దరి మధ్య కాగితాల యుద్ధం నడిచింది. కొన్ని నెలలకు కూలి గింజలు మళ్ళీ పెరిగాయి. అప్పటికే చాలామంది దాన్ని చూడటానికి మిగల్లేదు.

సరిగ్గా 1878లో, అదే మద్రాసులో, కల్నల్ కెన్నీ-హెర్బర్ట్ 'క్యులినరీ జాటింగ్స్ ఫర్ మద్రాస్' అనే వంటల పుస్తకం వేశాడు. మిగిలిపోయిన మాంసాన్ని మర్నాడు మళ్ళీ ఎంత అందంగా వండొచ్చో చెప్పడానికి అందులో ఒక అధ్యాయమే ఉంది. మంచి పుస్తకం, సరదాగా రాశాడు. అయినా ఆ సంవత్సరం అంకె చూసినప్పుడల్లా నాకు ఆ పేజీ ముందుకు కదలదు.

అందుకే మా వాళ్ళకి తక్కువ తినడం ఒక సుగుణంగా అనిపించదు. మొదటివారం ఆవిరి కక్కుతున్న ముక్కను పళ్ళెంలో పెడితే నాయన అడిగింది ఇదే: "ఇంగ ఆసుపత్రి కూడేనా నాకు?" ఆయన చిన్నప్పుడు ఊళ్ళో పండక్కి పొట్టేలు కోసి పోగులు వేసేవాళ్ళట. ఒక పోగు తెచ్చుకుంటే అది ఇంటి పరువు. ఇప్పుడు జేబులో డబ్బుంది, అంగడిలో మాంసముంది, డాక్టరు వద్దంటున్నాడు. ఆ కోపం ఎవరిమీద చూపించాలి? దొరికింది నేను.

రెండోవారం ఓట్స్ మానేసి కొర్రలు వాడాను. కొర్రన్నం మా తాతల రోజువారీ తిండి. చేలల్లోకి శెనక్కాయ వచ్చాక, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక, మా ఇంట్లో అది మాయమైంది. వరన్నం తినడమే ఎదగడమని మా అమ్మ తరం అనుకుంది, న్యాయంగానే అనుకుంది. ఇప్పుడు బెంగళూరు సూపర్‌మార్కెట్లో కొర్రలు సోనా మసూరి కంటే ఖరీదు. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించింది కూడా. "పేదోళ్ళ కూడు మీకు ఫ్యాషన్ అయిందా" అని అమ్మ నవ్వింది.

చేసే పద్ధతి చెబుతాను. అరకిలో తొడ కైమా, కొవ్వు లేకుండా. మెత్తగా ఉడికించిన కొర్రన్నం ఒక కప్పు. సొరకాయ తురిమి, నీళ్ళు గట్టిగా పిండి, ఒక కప్పు. గుడ్డు ఒకటి, సన్నగా తరిగిన ఎర్రగడ్డ, అల్లం, తెల్లగడ్డ, పచ్చిమిరప, పుదీనా, ధనియాల పొడి, ఉప్పు. వేడి తగిలితే మాంసంలోని ప్రొటీన్ బిగుసుకుని నీటిని బయటకు నెట్టేస్తుంది. కొవ్వు తీసేసిన కైమా ఇటుకలా తయారవడానికి కారణం అదే. కొర్రల్లోని పిండి పదార్థం ఆ నీటిని పట్టుకుని ముద్దను మెత్తగా ఉంచుతుంది. అలాగని మరీ ఎక్కువ కలిపితే కోసేటప్పుడు రాలిపోతుంది. ఎక్కువసేపు పిసక్కూడదు. 180 డిగ్రీల దగ్గర ముప్పావుగంట, నడిమధ్యలో 71 డిగ్రీలు దాటేదాకా. తీసి పది నిమిషాలు ఆగి కోయాలి. ఓవెన్ లేకపోతే నూనె రాసిన గిన్నెలో పెట్టి ఇడ్లీపాత్రలో ఆవిరికి ఉడికించి, చివర్లో పెనం మీద కాల్చొచ్చు. ఆరుగురికి వస్తుంది, మనిషికి ఎనభై గ్రాముల మాంసం.

"ఏందిరా ఇది, కైమా కుడుమా?" అంది అమ్మ. ఆ పేరు ఖాయమైపోయింది. పక్కన రాగిసంగటి, పల్చటి పులుసు పెట్టింది ఆమే. నాయన ఏమీ అనకుండా రెండు ముక్కలు తిన్నాడు. మూడోది తీసుకుంటూ, "కొర్రలేసినావా? సరే, ఇది నిలబడుతుంది" అన్నాడు. ఉప్పు మాత్రం చాల్లేదట.