హంద్రి మీద నీళ్ల వంతెన: రాళ్లు మోసిందెవరు?

కర్నూలులో కేసీ కెనాల్ హంద్రిని పైనుంచి దాటుతుంది. కింద నది, పైన కాలువ. ఇంజనీర్లు దాన్ని అక్విడక్ట్ అంటారు. నేను నీళ్ల వంతెన అంటాను.

సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కడప దాకా ఈ కాలువ తవ్వింది మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. 1860లలో పని నడిచింది. పది లక్షల పౌన్ల పెట్టుబడికి ఏటా 5 శాతం రాబడి ఇస్తామని సర్కారు హామీ. లాభం రాకపోతే ఆ వడ్డీ ఎవరు కట్టారు? ఇక్కడి రైతు శిస్తుతో కట్టాడు, కూలి ఉప్పు పన్నుతో కట్టాడు. (భూమి లేనివాడు కూడా తప్పించుకోలేని పన్ను అది.) చివరికి 1882లో సర్కారే కాలువను కొనేసింది.

ఈ కాలువ తవ్వింది పంటకే కాదు, పడవలకు కూడా. నీళ్ల వంతెనలో ఒక వింత ఉంది. పడవ ఎక్కితే బరువు పెరగదు. తన బరువెంతో అంత నీటిని పడవ పక్కకు తోసేస్తుంది. ఘనమీటరు నీరంటే టన్ను బరువు. అది రాత్రీ పగలూ మీదే ఉంటుంది. హంద్రిలో ఆ బరువును కమానులు మోశాయి.

అమెరికాలో డెలావేర్ నది మీద 1847-48లో జాన్ రోబ్లింగ్ ఇలాంటి నీళ్ల వంతెననే ఇనుప తీగల తాళ్లకు వేలాడదీశాడు. నదిలో స్తంభాలు తగ్గితే దుంగల తెప్పలకు, మంచుగడ్డలకు దారి దొరుకుతుందని. వేసవిలో ఎండే హంద్రికి ఆ బాధ లేదు. బొగ్గు మోసిన ఆ కాలువ 1898లో మూతబడినా వంతెన బతికింది, మొదట బండ్ల దారిగా, 1980 నుంచి అక్కడి నేషనల్ పార్క్ సర్వీస్ ఆస్తిగా. రోబ్లింగ్ నక్షాలు మిగిలాయి కాబట్టి పైభాగాన్ని మళ్లీ పాత రూపంలోనే కట్టగలిగారు. కాగితం దాచారు, వంతెన నిలిచింది.

మన దగ్గర కాగితంలో ఎవరున్నారు? కంపెనీ ఉంది, ఆర్థర్ కాటన్ ఉన్నాడు. రాయి కొట్టినవాళ్లు, మట్టి తట్ట మోసిన ఆడవాళ్లు? రాయలసీమ పల్లెల్లో చెరువు తూము తీసి మూసే నీరుగంటి పని చాలాచోట్ల మాల మాదిగలదే. ఊరి మడికి నీళ్లు పంచిన చేతిని ఊరబావిలో చేద వేయనివ్వలేదు.

కాలువ పారిన కొద్దేళ్లకే 1876-78 కరువు. కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. 1877లో రిచర్డ్ టెంపుల్ కరువు పనికి పెట్టిన కూలి: రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే అర కిలో కూడా కాదు, పైన ఒక అణా. కాలువ నీళ్లు కూలి కడుపు దాకా రాలేదు.

వంతెనను కాపాడాలనేవాళ్లతో నేనూ ఉన్నాను. రాళ్ల సందుల్లో రావి మొక్కలు పీకాలి, సున్నం పట్టించాలి. దాంతోపాటు ఇంకో పని ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ పాత పబ్లిక్ వర్క్స్ ఫైళ్లు చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. చరిత్ర చదివే మన పిల్లలు ఇద్దరైనా వెళ్లి, ఇంజనీరు రాసిన ప్రతి ఖర్చు లెక్క పక్కన ఒక్క ప్రశ్న రాసుకోండి: ఈ కూలి ఏ వాడ నుంచి వచ్చాడు?