చేతులలో ఛందస్సు

పద్యమనగానే మనకు చెవి గుర్తుకు వస్తుంది. యతి, ప్రాస, గురులఘువులు అన్నీ ధ్వనిని ఆశ్రయించినవే. కనుక వినికిడి లేనివారికి కవిత్వం అందదన్న అభిప్రాయం చాలాకాలం చెలామణి అయింది. అమెరికా బధిరుల సాహిత్య చరిత్రను పరిశీలిస్తే అది ఎంత తొందరపాటు నిర్ణయమో తెలుస్తుంది.

1817లో హార్ట్‌ఫర్డ్ నగరంలో బధిరుల పాఠశాల వెలసింది. పారిస్ నుంచి వచ్చిన లోరాఁ క్లెర్ స్వయంగా బధిరులు. అక్కడ సైగలతోనే బోధించారు. ఆయన తెచ్చిన ఫ్రెంచి సైగలు, పిల్లలు ఇళ్ళనుంచి తెచ్చుకొన్న సైగలు కలిసి అమెరికన్ సంజ్ఞాభాష రూపొందింది. అయినా జాన్ కార్లిన్ వంటి ఆనాటి బధిర కవులు తమ చెవికి అందని ఇంగ్లీషు ఛందస్సులోనే పద్యాలు రాశారు.

1880లో మిలాన్ నగరంలో జరిగిన విద్యా మహాసభ సైగలను తరగతినుంచి తొలగించి, నోటిమాటనే నేర్పాలని తీర్మానించింది. ఓటు వేసినవారు దాదాపు అందరూ వినగలవారే. తర్వాత ఎన్నో పాఠశాలలు సైగలను నిషేధించాయి. భాష వసతిగృహాలలో తలదాచుకొంది. వేళ్ళతో చూపే అక్షరమాల ఆకారాలను వరుస తప్పకుండా వాడుతూ కథ చెప్పే ప్రక్రియ బధిర విద్యార్థులలో ప్రచారం పొందింది.

సైగలకు లిపి లేదు. ఆ లోటును చలనచిత్రం కొంత తీర్చింది. 1910 నుంచి అమెరికా జాతీయ బధిర సంఘం సంజ్ఞాభాషా ప్రసంగాలను చిత్రించసాగింది. 1913లో జార్జి వెడిట్జ్ తమ భాషను కాపాడుకోవాలని కోరుతూ చేసిన ప్రసంగం నేటికీ చూడవచ్చు. మనకు తాళపత్రం చేసిన మేలు వారికి ఫిల్ము చేసింది.

1960లో విలియం స్టోకీ ప్రతి సైగలోనూ చేతి ఆకారం, స్థానం, కదలిక అనే అంశాలున్నాయని నిరూపించారు. కవిత్వానికి కావలసిన సామగ్రి ఇదే. ఒకే చేతి ఆకారం మళ్ళీ మళ్ళీ వస్తే ప్రాస. కదలికల వేగం, విరామాలే లయ. ఎనిమిదో ఏట వినికిడి కోల్పోయిన డొరతీ మైల్స్ సైగలకూ ఇంగ్లీషుకూ ఒకేసారి పొసగే కవితలు కూర్చి 1976లో ప్రచురించారు. బధిర కవి క్లేటన్ వల్లీ 1993లో ఈ ఛందస్సుపైనే డాక్టరేటు పొందారు. పీకినకొద్దీ మొలిచే పచ్చిక పూలపై ఆయన చేసిన కవిత నిషేధాన్ని తట్టుకొన్న భాషకు ప్రతీక.

బడిలో ఒక భాష, ఇంట్లో తెలుగుగా పెరిగిన మన విద్యార్థులు ఒక తేడా గమనించాలి. బడి తెలుగు నేర్పకపోయినా మనకు అమ్మ నేర్పుతుంది. బధిర శిశువులలో అత్యధికుల తల్లిదండ్రులు వినగలవారే. వారికి సైగలు రావు. ఆ పిల్లలకు తోటి విద్యార్థులే మాతృభాష నేర్పే అమ్మలు. అందుచేత బడిలో సైగలను నిషేధించడమంటే వారికి పద్యాన్నే కాదు, తల్లినే దూరం చేయడం. మిలాన్ తీర్మానం పట్ల ఆ మహాసభ పరంపర విచారం ప్రకటించింది 2010లో, అంటే 130 ఏళ్ళకు. అంతవరకూ ఆ భాషను, దాని కవిత్వాన్ని నిలిపినవి బధిరుల చేతులే.