గుమాస్తా చూసే తెర

గుంటూరు మిర్చి యార్డు, ఫిబ్రవరి. కమీషన్ కొట్టు గుమ్మం దాకా టిక్కీలు (మిర్చి బస్తాలు) పేర్చి ఉన్నాయి. ఘాటుకి మీకు తుమ్ములు ఆగడం లేదు. పక్కన స్టూలు మీద గుమాస్తా బాబాయి కళ్లద్దాలు సర్దుకుని మీ లాప్‌టాప్‌లోకి తొంగి చూస్తున్నాడు. జాంగో అడ్మిన్‌లో లాట్ల పట్టిక తెరిచారు.

“ఇదేంటయ్యా, లాట్ ఆబ్జెక్ట్ ఒకటి, లాట్ ఆబ్జెక్ట్ రెండు! సరుకేదీ?”

అడగాల్సిందే. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం లారెన్స్ ఊళ్లోని ఒక పత్రికాఫీసులో పుట్టింది జాంగో. అందుకే ఈ అడ్మిన్ తెర ప్రోగ్రామర్ల కోసం కాదు, రోజూ దానిమీద పనిచేసేవాళ్ల కోసం.

లిస్ట్_డిస్‌ప్లేలో లాటు నంబరు, రకం, సొమ్ము, చెల్లించిన తేదీ రాస్తారు. రిఫ్రెష్. రకం కింద ‘టీజే’ అని పడింది. ఆ ఫీల్డుకి చాయిసెస్ ఇచ్చి, టీజే పక్కన తేజ అని రాస్తారు. డేటాబేస్‌లో ఒక్క వరస కూడా మారలేదు, తెర మీద మాత్రం తేజ.

సొమ్ము 1250000.00 అని ఉంది. బాబాయి వేలు పెట్టి సున్నాలు లెక్కపెడుతున్నాడు. సెట్టింగ్స్‌లో వేల విభజన ఆన్ చేస్తే 1,250,000.00 అయింది.

“పన్నెండున్నర లక్షలకి కామా అక్కడ వేస్తారటయ్యా?”

సొంత ఫార్మాట్ల ఫైలు పెట్టి, నంబర్ గ్రూపింగ్‌ని (3, 2, 0) చేస్తారు: కుడి నుంచి ముందు మూడంకెలు, ఆపైన రెండేసి. జాంగో 1.11 నుంచీ ఉన్న వెసులుబాటు ఇది. 12,50,000.00. బాబాయి తలూపాడు. (కామాలతో సహా సొమ్మునే టెక్స్ట్‌గా దాచేసేవాళ్లున్నారు. నెలాఖరుకి మొత్తం కూడాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది వాళ్లకి.)

తలూపినవాడే మళ్లీ వేలు చూపించాడు. లాటు నంబరు 1482 కాస్తా 1,482 అయి కూర్చుంది! నంబరును స్ట్రింగ్‌గా మార్చి ఇచ్చే చిన్న మెథడ్ రాసి, ఆ కాలమ్ స్థానంలో దాన్ని పెడతారు. కామా పోయింది. దాంతోపాటు శీర్షిక మీద నొక్కితే వరసలు సర్దుకోవడమూ పోయింది. మెథడ్ లోపల ఏముందో డేటాబేస్‌కి తెలియదు కదా. పైన అడ్మిన్.డిస్‌ప్లే డెకరేటర్ తగిలించి, ఆర్డరింగ్‌కి అసలు ఫీల్డు పేరిస్తే దారిలో పడింది. 3.2 కంటే పాత వెర్షన్లో అయితే డెకరేటర్ లేదు. ఇదే సంగతి మెథడ్‌కి విడిగా అతికించాలి.

“ఈ గీతేంటి? కొట్టేశారా?”

చెల్లించిన తేదీ ఖాళీగా ఉన్న లాట్లవి. ఎంప్టీ_వాల్యూ_డిస్‌ప్లేలో ‘ఇంకా ఇవ్వలేదు’ అని రాస్తారు.

ఇప్పుడు కీబోర్డు ఆయన చేతికి. వెతుకు పెట్టెలో ‘తేజ’ కొట్టాడు. ఒక్క లాటూ లేదు. పక్కన ఫిల్టర్‌లో తేజ నొక్కితే మాత్రం అన్నీ వచ్చాయి. ఫిల్టర్‌కి చాయిసెస్ తెలుసు. వెతుకులాట చూసేది నిల్వలో ఉన్న టీజేనే. గెట్_సెర్చ్_రిజల్ట్స్‌ని మీ చేతుల్లోకి తీసుకుని, తేజ అని కొడితే టీజే కోసం కూడా వెతికేలా రాయడం మొదలుపెడతారు.

“కానియ్ బాబూ, కాటా దగ్గర పిలుస్తున్నారు” అంటూ బాబాయి లేచాడు.