సునీల్ ఛెత్రి: మూడు ఖండాల ఫుట్‌బాల్ ప్రస్థానం

భారత ఫుట్‌బాల్ చరిత్రలో అత్యధిక అంతర్జాతీయ గోల్స్ సాధించిన సునీల్ ఛెత్రి 1984 ఆగస్టు 3న సికింద్రాబాద్‌లో జన్మించారు. తండ్రి సైనికోద్యోగి కావడంతో బదిలీల మధ్యనే బాల్యం గడిచింది. వృత్తి జీవితం తొలి దశాబ్దమూ దాదాపు అలాగే సాగింది.

2002లో కోల్‌కతాలోని మోహన్ బగాన్‌తో ఆయన ప్రస్థానం మొదలైంది. అనంతరం పంజాబ్‌కు చెందిన జేసీటీ, మళ్లీ కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్, గోవాలో డెంపో క్లబ్బులకు ఆడారు. 2005 జూన్‌లో పాకిస్థాన్‌లోని క్వెట్టాలో జాతీయ జట్టు తరఫున అరంగేట్రం చేసి, ఆ మ్యాచ్‌లోనే గోల్ సాధించారు. 2008లో ఢిల్లీలో జరిగిన ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ ఫైనల్లో తజికిస్థాన్‌పై ఆయన చేసిన హ్యాట్రిక్, 1984 తర్వాత తొలిసారిగా భారత్‌కు ఆసియా కప్ అర్హతను సంపాదించిపెట్టింది.

విదేశాల్లో మాత్రం ప్రతిభ ఒక్కటే సరిపోలేదు. 2009లో లండన్‌కు చెందిన క్వీన్స్ పార్క్ రేంజర్స్‌తో ఒప్పందం కుదిరినా బ్రిటన్ వర్క్ పర్మిట్ నిరాకరించింది. ఫిఫా ర్యాంకింగ్స్‌లో తొలి 70 స్థానాల్లో ఉన్న దేశాల ఆటగాళ్లకే సాధారణంగా ఆ అనుమతి లభించేది. భారత్ ఆ గీతకు ఎంతో దిగువన ఉంది. తన ఆటతో సంబంధం లేని అంకె ఒకటి ఆయన దారికి అడ్డుపడింది. దేశం స్థానం మెరుగుపడాలంటే ఆటగాళ్లు బయటకు వెళ్లి రాటుదేలాలి, వెళ్లాలంటే ముందు దేశం స్థానం మెరుగుపడాలి. ఈ చిక్కుముడి ఛెత్రి ఒక్కరిదే కాదు.

2010లో అమెరికాలోని కాన్సస్ సిటీ విజార్డ్స్‌లో చేరినా మేజర్ లీగ్ సాకర్‌లో ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు. 2012లో పోర్చుగల్‌కు చెందిన స్పోర్టింగ్ తీసుకున్నా, ఆడిన కొద్ది మ్యాచ్‌లూ ‘బి’ జట్టుకే పరిమితమయ్యాయి. ఈ రెండు యాత్రల నడుమ చిరాగ్ యునైటెడ్, మోహన్ బగాన్‌ల తరఫున బరిలోకి దిగారు. 2013లో లోన్‌పై గోవాకు చెందిన చర్చిల్ బ్రదర్స్‌కు వచ్చి ఆ క్లబ్ ఐ-లీగ్ విజయంలో పాలుపంచుకున్నారు.

అదే ఏడాది కొత్తగా ఏర్పడిన బెంగళూరు ఎఫ్‌సీ ఆయనకు స్థిరమైన గూడైంది. ఇండియన్ సూపర్ లీగ్‌లో కొంతకాలం ముంబయి సిటీకి ఆడినా, బెంగళూరును వీడిపోలేదు. రెండు ఐ-లీగ్ టైటిళ్లు, 2016 ఏఎఫ్‌సీ కప్ ఫైనల్, 2018-19 సూపర్ లీగ్ టైటిల్ అన్నీ ఆ జెర్సీలోనివే. ముప్పై దాటాక స్ట్రైకర్ల వేగం తగ్గడం సహజం. ఛెత్రి ఆటలో మిన్నగా ఉన్నది పెనాల్టీ ప్రాంతంలో ఖాళీని ముందే పసిగట్టే నేర్పు కాబట్టి వయసు ఆయన్ని ఆలస్యంగా తాకింది.

ఇంత ఎదిగినా ప్రేక్షకులను పిలిచే పని ఆయనకే పడింది. 2018 జూన్‌లో ముంబయిలో చైనీస్ తైపీపై హ్యాట్రిక్ చేసినప్పుడు స్టేడియంలో ఉన్నది దాదాపు రెండున్నర వేల మంది. విమర్శించడానికైనా మైదానానికి రండని వీడియోలో అభ్యర్థించారు. కెన్యాతో తన వందో మ్యాచ్‌కు టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. ఆయన రెండు గోల్స్ చేశారు.

అర్జున, పద్మశ్రీ, ఖేల్‌రత్న పురస్కారాలు అందుకున్న ఛెత్రి 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో మ్యాచ్ అనంతరం 151 మ్యాచ్‌ల్లో 94 గోల్స్‌తో వీడ్కోలు పలికారు. ఆ స్థానాన్ని భర్తీ చేసే స్ట్రైకర్ కనిపించక జట్టు ఆయన్నే మళ్లీ పిలిచింది. 2025 మార్చిలో షిల్లాంగ్‌లో మాల్దీవులపై 95వ గోల్ సాధించారు. అప్పటికి ఆయన వయసు 40.